ఉత్తుత్తి పాపం

జనవరి 11

కొత్త డైరీ. అక్క పనిచేసే మందుల షాపులో ఏటా పంచేదే. ప్రతి పేజీ అడుగున ఒక దగ్గు మందు పేరు అచ్చేసి ఉంది, కాబట్టి ఈ ఏడాదంతా దగ్గు మీద కూర్చుని రాయాలి. పట్టానికి ముందు ఏదో ఒకటి రాసుకుంటూ ఉండమని మా ఆధ్యాత్మిక గురువు చెప్పారు. ఎవరికీ చూపించక్కర్లేదట. ఎవరూ చదవనిదాన్ని కూడా బాగా రాయాలని నా తాపత్రయం. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేశాను.

జూన్‌లో బిషప్పు గారు ఫాదర్ల చదువు చదివే మా సెమినరీ బ్యాచ్‌కి డీకన్ పట్టం ఇస్తారు. ఫాదర్ కావడానికి ఇంకో ఏడాది పడుతుంది గానీ, తలుపు గడియ పడేది మాత్రం డీకన్ పట్టంతోనే. ఆ తర్వాత పెళ్ళి లేదు, ఇల్లు లేదు, వెనక్కి తిరగడం లేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. పట్టం రోజు వేసుకునే తెల్ల అంగీ తనే కుడుతోంది. మా వీధిలో సగం మంది బట్టలు ఆ మిషను మీద పుట్టినవే, కొడుకు అంగీ షాపులో కొంటే పరువేం కాను. కొలతలు పంపమంది. అంచుకి మడత ఎక్కువ పెడతాను, ఎదిగితే విప్పుకోవచ్చు అంది. ఈ వయసులో అడ్డంగా తప్ప ఎటూ ఎదగనమ్మా అన్నాను. అయినా పెడతానంది.

నాకు సందేహమేం లేదు. ఈ మాట ఎందుకు రాశానో తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

జనవరి 19

ఆస్పత్రి రోజు. ప్రతి ఆదివారం రోగులను చూడటానికి వెళ్తాం. నాతో ఎప్పుడూ నిచ్చెనే.

నిచ్చెన అంటే మా బ్యాచ్‌లో అందరికంటే పొడుగువాడు. గుడిలో బల్బు పోతే వాణ్నే పిలుస్తారు, కుర్చీ కూడా అక్కర్లేదు. తల్లీ తండ్రీ లేరు. టైర్లకు పంచర్లు వేసే మేనమామ పెంచాడు. పాడితే పక్కవాడు తప్పుకుని నిలబడతాడు, అలాంటి గొంతు. నా గొంతు సంగతి వేరు. వాడు నాకు పెట్టిన పేరు మైకు.

ఆస్పత్రిలో నేను మాట్లాడితే మంచం చుట్టూ ఉన్నవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఇవాళ ఒక ముసలావిడ కూతురు, మీరు పుట్టుకతోనే ఫాదర్ అండీ అంది. నిచ్చెన పక్క వార్డులో ఒక్క మాటా మాట్లాడకుండా ఒకాయన మంచం దగ్గర కూర్చున్నాడు. ఆయన వీడి వేలు పట్టుకుని నిద్రపోయాడు. వేలు విడిపించుకుంటే లేస్తాడని వీడు కదల్లేదు, మాకు బస్సు తప్పిపోయింది. జనాన్ని నిద్రపుచ్చడం కూడా ఒక వరమే, ప్రసంగాలకి పనికొస్తుంది అన్నాను. నవ్వాడు. వాడికి కోపం రాదు, అదొక జబ్బు.

జనవరి 27

జనం ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వినడం నేర్పే క్లాసు మొదలైంది. చెవిటి ఫాదర్ చెబుతున్నారు. ఆయనకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. పాపాలు వినీ వినీ ఒకటి అరిగిపోయింది, రెండోది మీ కోసం దాచాను అంటారు.

పాత పాపసంకీర్తనపు గూటి నుంచి ఊడదీసిన చెక్క జాలీ ఒకటి క్లాసు మధ్యలో పెట్టారు. ఒకడు ఇవతల కూర్చుని ఫాదర్‌లా వినాలి, ఇంకొకడు అవతల మోకరించి పాపం చెప్పాలి. అంతా ఉత్తుత్తిదే, మిగతావాళ్ళు చూసి తప్పులు పట్టాలి. ఆయన రెండు రూల్స్ పెట్టారు. ఒకటి, చెప్పే పాపం మనది కాకూడదు. రెండు, ఇక్కడ విన్నది ఈ గది దాటకూడదు. ఉత్తుత్తి పాపమే కదా దాటితే ఏం అని ఎవరో అడిగారు. "ఉత్తుత్తి రహస్యం దాచలేని వాడి దగ్గరికి నిజం చెప్పుకోడానికి ఎవడొస్తాడు?" అన్నారు.

ఇవాళ ఒకడు బస్సు దొంగతనం చేశానన్నాడు. విన్నవాడు కంగారులో, ఎన్నో నంబరు బస్సు అని అడిగాడు.

ఫిబ్రవరి 3

ఇవాళ నా వంతు. నేను వినేవాణ్ని, చెప్పేవాడు నిచ్చెన.

మోకరించినా వాడి నుదురు జాలీ పైనుంచి కనిపిస్తూనే ఉంది. అందరూ నవ్వారు. వాడు మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. వాడికి నటించడం ఇంత బాగా వచ్చని ఎవరికీ తెలియదు.

"ఫాదర్, నాకు పిలుపు వచ్చిందని చెప్పి ఒకచోట చేరాను. పిలుపు రాలేదు. చేరతానేమో అని ఊరికే ఒక మాటంటే, మా అమ్మ చేస్తున్న పని ఆపకుండానే ఏడ్చింది. అంత సంతోషం చూశాక ఇక కాదనలేకపోయాను. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే లేచి అబద్ధం తొడుక్కుంటున్నాను."

నేను తడుముకోలేదు. మాటలు వాటంతటవే వచ్చాయి. "నాయనా, మీ అమ్మ సంతోషం మీ అమ్మది. దాన్ని నువ్వు అబద్ధంతో మేపక్కర్లేదు. నిజం చెబితే ఆమె ఒకసారి ఏడుస్తుంది. చెప్పకపోతే నువ్వు బతికినన్నాళ్ళూ ఏడుస్తావు. వెళ్ళి చెప్పు. అదే నీ ప్రాయశ్చిత్తం."

భయమేస్తోంది ఫాదర్ అన్నాడు. భయం పాపం కాదు అన్నాను. ఇంకేమైనా ఉందా అంటే, జాలీలోంచి నా వంకే చూస్తూ, "లేదు ఫాదర్. మీరు విన్నారుగా?" అన్నాడు.

విన్నానన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. చెవిటి ఫాదర్ మాత్రం, బాగా చెప్పావు, కాస్త తొందరగా చెప్పావు అన్నారు.

ఫిబ్రవరి 4

చిరాకుగా ఉంది. టీలో పంచదార తక్కువైనందుకేమో.

ఫిబ్రవరి 9

అది నటన కాదు. ఈ ఆరు రోజులూ ఆలోచించాక నాకు రూఢి అయింది. నటించేవాడి గొంతు అలా వణకదు. నిచ్చెన రూలు తప్పి తన పాపమే చెప్పుకున్నాడు.

వాడికి అమ్మ లేదు కదా అని నాలో నేనే వాదించుకున్నాను. అందుకే కల్పించాడు. గుర్తుపట్టకుండా ఉండటానికి మేనమామ ఉన్నచోట అమ్మని పెట్టాడు, అంతే. చూస్తే వాడిలో మార్పు కూడా తెలుస్తోంది. నిన్న ప్రార్థనలో రెండుసార్లు ఆవులించాడు. భోజనాల దగ్గర నా వంక చూసి ఏదో అడగబోయి ఆగాడు. పాపం, ఎంత నలిగిపోతున్నాడో. వాడి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. నా కోసం చేసుకునే ప్రార్థన కంటే ఇదే సులువుగా వస్తోంది.

ఫిబ్రవరి 15

అమ్మ ఫోన్. అంగీకి గుడ్డ తెచ్చింది. షాపువాడు ఎందుకని అడిగితే చెప్పిందట, కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. వీధిలో అందరూ ఇప్పటికే 'ఫాదర్ గారి అమ్మ' అని పిలుస్తున్నారని చెబుతూ, నాకేం నచ్చదులే ఆ పిలుపు అంది. ఎంత నచ్చకపోతే నాలుగుసార్లు చెబుతుంది.

ఫోన్ పెట్టేశాక ఆ రోజు గుర్తొచ్చింది. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా గుడి చూసుకునే విచారణ గురువులు సెమినరీ గురించి చెబితే విని వచ్చి, మాటవరసకి, నేను చేరితే ఎలా ఉంటుందమ్మా అన్నాను. నాన్నలాగా బస్సు నడుపుతానని ముందురోజు అన్నవాణ్నే. అమ్మ ఎవరిదో లంగా కుడుతోంది. తల ఎత్తలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, కాలు మాత్రం మిషను తొక్కుతూనే ఉంది, కుట్టు ఒక్కటి కూడా వంకర పోలేదు. నేను గుమ్మంలో నిలబడి ఆవిడ పని ఆపకుండానే

రాయడం ఆపుతున్నాను. పాటల ప్రాక్టీసుకి వేళయింది.

ఫిబ్రవరి 18

సెమినరీకి పెద్ద అయిన రెక్టర్ ఫాదర్ గదికి వెళ్ళాను. నిచ్చెన సంగతి చెప్పాను.

ఇది చాడీ కాదు. ఒకడు కళ్ళ ముందు గోతిలోకి నడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం స్నేహమా? పట్టం అయిపోయాక తెలిస్తే ఎవరికి లాభం? పైగా జనం నమ్మకం సంగతి ఉంది. ఇవన్నీ మెట్లెక్కుతూ వరసగా పెట్టుకున్నాను, ఒక్కటీ మర్చిపోకుండా చెప్పాను. రెక్టర్ ఫాదర్ పెన్సిళ్ళు చెక్కుతూ విన్నారు. ఆయన బల్ల మీద రాసే పెన్సిళ్ళ కంటే చెక్కిన పెన్సిళ్ళు ఎక్కువ. "ఇది నీకెలా తెలిసింది?" అని ఒక్కటే అడిగారు.

మాటల్లో తెలిసింది ఫాదర్ అన్నాను. మాటల్లోనే కదా తెలిసింది.

మంచి పని చేశావన్నారు. బయటికి రాగానే ఏదో బరువు దిగినట్టయింది. సాయంత్రం కీర్తన ఇంత బాగా నేనెప్పుడూ పాడలేదు. అందరూ అన్నారు.

ఫిబ్రవరి 24

నిచ్చెనని రెక్టర్ ఫాదర్ పిలిపించారు. చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికొచ్చి వాలీబాల్ ఆడాడు. ఎప్పటిలాగే నెట్‌కి తల తగిలించుకున్నాడు.

నాతో మామూలుగానే ఉన్నాడు.

మార్చి 2

మధ్యాహ్నం భోజనాల దగ్గర జూన్‌లో పట్టం తీసుకునేవాళ్ళ పేర్లు చదివారు. నా పేరు ఉంది. నిచ్చెన పేరు లేదు. వాడి పట్టం ఒక ఏడాది వాయిదా వేశారు. ఈలోగా ఏదైనా విచారణ గుడిలో సాయంగా ఉండి, మనసు తేల్చుకోమన్నారట.

వాడు తలవంచుకుని రొట్టె తింటూనే ఉన్నాడు. ఎవరో నన్ను అభినందిస్తూ వీపు తట్టారు.

ఏడాదే కదా.

మార్చి 3

రాయడానికి ఏం లేదు.

మార్చి 5

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నిచ్చెన ఒక్కడే దొరికాడు. దుప్పటి చెరో కొస పట్టుకుని పిండుతున్నాం. రెక్టర్ ఫాదర్‌తో అదంతా కల్పితమని ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

"కల్పితం కాదుగా" అన్నాడు.

అంటే నీదేగా అన్నాను. ఆ మాట అడగడానికి నాకు ఎంత ఆత్రమో, దుప్పటి లాగేశాను కూడా.

"నాది కాదు. మనది కాకూడదని ఫాదర్ రూలు పెట్టారుగా." కొస సర్దుకుని మళ్ళీ మెలిపెట్టాడు. "వానల్లో ఒకడికి జ్వరం వస్తే పక్కన కూర్చున్నా. రాత్రంతా పలవరించాడు. వాళ్ళమ్మ సంగతి, మిషను సంగతి, అన్నీ చెప్పాడు. లేచాక వాడికి గుర్తులేదు. అడిగితే సిగ్గుపడతాడని ఊరుకున్నా. పట్టం దగ్గర పడుతోంది కదా, వాడి మాటే వాడికి వినిపిద్దామనుకున్నా. వాడు విన్నాడు, సలహా కూడా చాలా బాగా ఇచ్చాడు."

దుప్పట్లోంచి నీళ్ళు నా కాళ్ళ మీద కారుతున్నాయి. రెక్టర్ ఫాదర్‌కి ఏం చెప్పావని అడిగాను.

"నాది కాదన్నా. మరెవరిదన్నారు. చెప్పలేనన్నా. అయితే నీదే అన్నారు." తీగ మీద దుప్పటి పరిచి ముడతలు సరిచేశాడు. "ఆయన తప్పేం లేదురా. ఎవరైనా అలాగే అనుకుంటారు."

రెక్టర్ ఫాదర్‌కి ఎవరు చెప్పారో వాడు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. బుట్ట తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

మార్చి 6

పోయిన నెల పదిహేనో తేదీ పేజీ మళ్ళీ చదివాను. వాక్యం మధ్యలో ఆపేశాను. ఎందుకు ఆపానో నాకు అప్పుడే తెలుసు. తెలిసి మూడు రోజులు తిరక్కుండా రెక్టర్ ఫాదర్ గదికి వెళ్ళాను. నా చేతి దురద వాడి వీపు మీద గోక్కున్నాను.

నిజం ఇది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నన్ను దేవుడు పిలిచాడో లేదో నాకు తెలియదు. అమ్మ ఏడ్చింది, నేను పలికాను. దేవుడంటే నాకు ఇష్టమే, ప్రార్థనంటే ఇష్టమే. జనం నా వంక చూడటం అన్నిటికంటే ఇష్టం. ఇన్నేళ్ళూ దాంతోనే బండి లాగించాను. నాకు భయంగా ఉంది. సిగ్గుగా ఉంది. నిచ్చెన మీద కోపంగా కూడా ఉంది, అది ఎక్కడి న్యాయమో తెలియదు.

మార్చి 8

రేపు వెళ్ళి చెబుతాను.

మార్చి 9

రెక్టర్ ఫాదర్ ఊళ్ళో లేరు. అంటే, మధ్యాహ్నం వచ్చేశారు. నేను రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్ళి బూట్లు తుడుచుకుని వచ్చాను.

మార్చి 11

ఇంకోలా కూడా ఆలోచించవచ్చు. వాడికి పోయేది ఒక్క ఏడాది. ఓపిక వాడికి పుట్టుకతో వచ్చింది. నేను చెబితే పోయేది నా జీవితం, అమ్మ పరువు. ఫాదర్ అయ్యాక నేను ఎవరికీ తీసిపోకుండా మంచి ఫాదర్‌ని అవుతాను, రోజుకి రెండింతలు పనిచేస్తాను, ఆస్పత్రిలో మంచాల దగ్గర నోరు మూసుకుని కూర్చుంటాను. అలా కూడా రుణం తీరుతుంది.

అమ్మ ఫోన్ చేసింది. చేతులు అతికించిందట, ఇక అంచు కుట్టడమే మిగిలిందట.

మార్చి 13

నిచ్చెన పెట్టె సర్దుకుంటున్నాడు. వచ్చే వారం వెళ్ళిపోతాడు. వాడి మంచం దగ్గర నా నీలం చొక్కా కనిపించింది. గుండీ ఊడిందని నెల కిందట పడేశాను. గుండీ కుట్టి మడతపెట్టాడు.

మార్చి 17

ఇవాళ క్లాసులో నేను పాపం చెప్పే వంతు. వినేవాడికి జ్వరం వచ్చి రాలేదని చెవిటి ఫాదరే జాలీ పక్కన కూర్చుని మంచి చెవి ఇటు తిప్పారు. నేను ముందే ఒక పాపం తయారు చేసి పెట్టుకున్నాను. ఆస్తి కోసం అన్న మీద దొంగ సాక్ష్యం చెప్పినవాడి కథ. మంచి పట్టున్న కథ, చివర్లో గొంతు ఎక్కడ తగ్గించాలో కూడా అనుకున్నాను.

మోకరించాక జాలీ చెక్క వాసన వచ్చింది. కథ మొదటి మాట రాలేదు.

"ఫాదర్, ఈ గదిలో విన్నది బయట చెప్పాను. దాని వల్ల ఒకడి పట్టం ఆగిపోయింది."

క్లాసులో ఎవరో కుర్చీ కదిలించారు. చెవిటి ఫాదర్, ఇది నీదేనా అని అడిగారు. అవునన్నాను.

"అయితే రూలు తప్పావు. ఇది ఉత్తుత్తి క్లాసు, ఇక్కడ నీది చెప్పకూడదు" అని కర్ర అందుకుని లేచారు. "లే. అసలుది చెప్పే చోటు కింద ఉంది, గుడికి పద."

అందరి ముందూ ఆయన వెనక నడిచాను. నిచ్చెన కిటికీలోంచి చూస్తున్నాడు. మెట్ల మీద ఆయనే నా భుజం పట్టుకున్నారు, ఆయన కోసమో నా కోసమో తెలియలేదు.

అక్కడ చెప్పింది ఇక్కడ రాయను.

మార్చి 18

రెక్టర్ ఫాదర్‌కి మొత్తం చెప్పాను. గదిలో విన్నది దాటించినట్టు, ఎలా తెలిసిందని అడిగితే దాటవేసినట్టు, ఆ మాటలు నిచ్చెనవి కానట్టు. ఎవరివో కూడా చెప్పాను. ఆయన చేతిలో పెన్సిల్ విరిగింది. ఆయనకి నా మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చిందనుకుంటాను. అంత కుదురైన పిల్లాడు చెప్పలేనంటే, అయితే నీదే అనేశానే అని గొణుక్కున్నారు.

వాడి సంగతి బిషప్పు గారితో నేను మాట్లాడతాను, మరి నీ సంగతేంటి అన్నారు. నాకేం శిక్ష వేసినా సరే ఫాదర్ అన్నాను.

"శిక్ష గురించి కాదు నేనడిగేది. మీ అమ్మ ఆ రోజు ఏడవకపోతే నువ్వు ఇక్కడికి వచ్చేవాడివా?"

నా గొంతు ఎక్కడైనా మోగుతుంది, మైకు అక్కర్లేదు. ఇవాళ మాత్రం నాకే సరిగ్గా వినపడలేదు. వచ్చేవాణ్ని కాదు ఫాదర్ అన్నాను.

మార్చి 20

నిచ్చెన ప్రయాణం ఆపారు. నా ప్రయాణం ఖాయమైంది. క్షమించమని అడిగితే, "నిజంగా వెళ్తున్నావా? మరి పాటలు ఎవడు పాడతాడు, నేనా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను గుడి వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 23

ఇల్లు. బస్టాండుకి నాన్నే వచ్చాడు, డిపో నుంచి తిన్నగా, యూనిఫాం మీదే. దారిలో ఆయనకి ముందు చెప్పాను. రోడ్డు వంకే చూస్తూ, "రివర్స్ గేర్ కూడా బండిలో భాగమేరా. కాకపోతే వెనకెవరున్నారో చూసుకుని వెయ్యాలి" అన్నాడు. వెనక అమ్మ ఉంది.

అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. అంగీ అయిపోయింది, కొక్కేనికి తగిలించి ఉంది. నేను అనుకున్నదానికంటే బాగుంది. నిలబడే చెప్పేశాను. పిలుపు రాలేదని, నువ్వు ఏడ్చినందుకు వెళ్ళానని.

"నేను ఏడ్చానా? ఎప్పుడు?"

ఆ రోజు గురించి చెప్పాను. లంగా రంగుతో సహా చెప్పాను. అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అప్పట్లో ఇది లేదు కదరా. మిషను ముందు కూర్చుంటే పొద్దస్తమానం కళ్ళు కారేవి. నువ్వు ఏదో అన్నావు, సరే అన్నాను. అంతే."

కోపంతో అందో, నన్ను వదిలేయడానికి అందో, నిజమే అందో, మొహం చూసి చెప్పలేకపోయాను. ఏడ్చిన మనిషి కుట్టు వంకర పోకుండా ఎలా కుడుతుందని నేను ఒక్కసారైనా అనుకోలేదు. మంచం మీద కూర్చున్నాను.

"ఇన్నేళ్ళూ ఫాదర్ గారి అమ్మ అన్నారు. రేపట్నుంచి ఏమంటారు?" అంది.

మార్చి 29

అమ్మ నాతో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, తిన్నాక తీస్తుంది. షాపుకి అక్కని పంపుతోంది, తను వీధిలోకి వెళ్ళడం లేదు. అంగీ కొక్కేనికే ఉంది. దాని పక్క నుంచే అందరం తిరుగుతున్నాం.

ఏప్రిల్ 6

బస్టాండులో బస్సుల వేళలు చెప్పే ఆయన మూడు నెలలు సెలవు పెట్టాడని నాన్న నన్ను తీసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టాడు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. అందరూ సరైన బస్సు ఎక్కారు.

ఏప్రిల్ 19

నిచ్చెన ఫోన్ చేశాడు. జూన్ జాబితాలో వాడి పేరు మళ్ళీ చేర్చారు. చెబుతూ చెబుతూ నవ్వుతున్నాడు, నేనూ నవ్వాను, నిజంగానే సంతోషమేసింది. వాళ్ళ మేనమామ అంగీ కొనడానికి షాపులన్నీ తిరుగుతున్నాడట. ఏది తొడిగినా మోకాళ్ళ దగ్గరే ఆగుతోందట, వంటవాడిలా ఉన్నానట.

భోజనాల దగ్గర నాన్నకి ఈ సంగతి చెప్పాను. అమ్మ వింటూనే కంచాలు తీసింది.

ఏప్రిల్ 20

పొద్దున్న లేచేసరికి కొక్కేనికి అంగీ లేదు. అమ్మ ఒళ్ళో ఉంది, బ్లేడుతో అంచు కుట్లు విప్పుతోంది.

"ఆ అబ్బాయి ఎంతుంటాడు?" అంది. ఇన్ని రోజుల తర్వాత నాతో మొదటి మాట.

గుమ్మం దగ్గరికి వెళ్ళి, పై చెక్కకి కాస్త కింద చెయ్యి పెట్టి చూపించాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని నా చెయ్యి వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. "మడత మొత్తం విప్పితే సరిపోతుంది. తల్లి లేనివాడు, కొలతలు ఎవరు తీస్తారు? ఆ కొస పట్టుకో, లాగకు."

పట్టుకున్నాను.

జూన్ 8

పట్టం అయింది. నేనూ అమ్మా వెనక బెంచీలో కూర్చున్నాం, అమ్మే ముందుకి వద్దంది. దారిలో ఎవరో తెలియక ఫాదర్ గారి అమ్మగారు అంటే, కాదు, బస్టాండులో అనౌన్సర్ వాళ్ళమ్మని అంది.

పేర్లు పిలుస్తున్నారు. పిలిచినవాడు లేచి, ఇదిగో ఉన్నాను అనాలి. నిచ్చెన లేచినప్పుడు ఎప్పటిలాగే గొంతు జీరపోయింది. గుడంతా విన్నది మాత్రం ఆ ఒక్క గొంతే అనిపించింది నాకు. అంగీ సరిగ్గా మడమల దాకా వచ్చింది. అన్నేళ్ళూ నేను సాధన చేసిన మాట నా పెదవుల మీదికి వచ్చి ఆగింది. నొప్పి పుట్టింది, దాచుకోను. కానీ ఆ నొప్పి నాది, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

పక్కకి తిరిగితే అమ్మ చెంపల మీద నీళ్ళు. కళ్ళజోడు పెట్టుకునే ఉంది.

ఈసారి అడిగాను. ఎందుకమ్మా ఏడుస్తున్నావు అని.

అమ్మ పైటతో తుడుచుకుంది. "కుడివైపు అంచు కాస్త దిగిందిరా. ఎవరూ చూడలేదు కదా?"

లేదమ్మా, ఎవరూ చూడలేదు అన్నాను.